ఎఫ్ఐఆర్‌లో పడని మాట



క్రిమినల్ లాయరు జ్ఞాపకాలంటే అందరూ కోర్టు హాలు కబుర్లే అడుగుతారు. సాక్షిని క్రాస్‌లో ఎలా తిప్పావు, జడ్జిగారు ఏమన్నారు అని. బాధితుల తరఫున అట్రాసిటీ కేసులు చూసిన నాకు ఎక్కువగా గుర్తున్నది పోలీస్ స్టేషన్ వరండా.

ఒక వ్యవసాయ కూలీ, ఆమె కొడుకు దెబ్బలతో ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చారు. 'కులం సంగతి ఎందుకమ్మా, కొట్లాట అని రాయి, సర్దుబాటు చేస్తాం' అన్నాడు రైటరు. వినడానికి అది సాయం చేస్తున్నట్టే ఉంటుంది. ఆ ఒక్క మాట పడకపోతే 1989 చట్టం సెక్షన్లు పడవు. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు ఉండదు. ముందస్తు బెయిలుకు 18వ సెక్షన్ పెట్టిన అడ్డూ ఉండదు. ఏళ్ల తర్వాత బోనులో ఆ మాట చెబితే, 'ఇది ఇంప్రూవ్‌మెంట్, మొదట చెప్పలేదు' అని డిఫెన్స్ లేస్తుంది. ఆ రోజు సాయంత్రం దాకా కూర్చుని ఆ మాట రాయించాం.

అంతటితో అయిపోలేదు. నెల తిరక్కుండా ఆమె ఫోన్ చేసింది: 'ఆయన టీ కొట్టు కాడ కూర్చున్నాడు లాయరుగారూ'. నిందితుడికి బెయిలొచ్చిన సంగతి ఆమెకు అలా తెలిసింది. 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ ప్రకారం బెయిలు విచారణకు ముందు బాధితులకు నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో హరిరామ్ భంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇవ్వలేదన్న కారణంతోనే రద్దు కోరాం. మళ్లీ విచారణ జరిగింది. నేను సెక్షన్లు చదివాను. ఆమె లేచి, 'బోరింగు వాళ్లింటి ముందే ఉందయ్యా, రోజూ నీళ్లకు నేనే పోవాలి' అంది. నా వాదన కంటే అదే పనిచేసింది. బెయిలు రద్దయింది. కేసు మాత్రం ఇంకా నడుస్తోంది.

అన్నీ ఇలా జరగవు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు శిక్ష పడిన వాళ్లందరినీ విడుదల చేసింది. ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా సరే.

మీలో కొందరు వచ్చే ఏడాది ఎన్‌రోల్ అవుతారు. మొదటి కేసుకు నల్లకోటు అవసరం పడకపోవచ్చు. ఫిర్యాదుదారుతో స్టేషన్‌కు వెళ్లండి, రాసింది ఆమెకు చదివి వినిపించమనండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.