పలక ఎవరి కోసం మోగాల?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో జరిగిన గద్దర్ సంస్మరణ సభల్లో మేము మాట్లాడిన మాటల పాఠం)

 

పుంగనూరు సభలో ఒక అవ్వ లేచి మమ్మల్ని నిలదీసింది. "ఆ గద్దరు తెలంగాణా ఆయప్ప గదా నాయనా! మన పక్క వాడు గాదే. ఆయప్పకు మనమెందుకు దండ వెయ్యాల?" అని. సభలో కొందరు నవ్వినారు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఈ రోజు మా ఉపన్యాసమంతా ఆ అవ్వకు జవాబే.

ముందు మన సంగతి చూద్దాం. మన పల్లెల్లో పలక ఎవరి చేతిలో ఉంది? మన చేతిలో. ఎవరి కోసం మోగుతుంది? ఊళ్ళో పెద్దింట్లో పీనుగ లేస్తే మోగుతుంది. గంగ జాతరకు మోగుతుంది. రెడ్డి చెప్పిన మాట ఊరంతా చాటాలంటే మోగుతుంది. పలక మనది, దెబ్బ మనది, చేతికి కాసిన కాయ మనది. మాట మాత్రం వాళ్ళది. రాత్రంతా కొట్టినోనికి తెల్లారి దక్కేది ఇంత కూడు, ఒక సారా సీసా. ఇన్ని తరాలుగా ఇదే లెక్క.

ఈ లెక్కను తిరగరాసిన మనుషుల్లో గద్దర్ ఒకడు. అందుకే దండ.

ఆయన అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో, మన లాంటి దళిత కుటుంబంలోనే పుట్టినాడు. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. ఇంజనీరింగు చదువులో చేరి మధ్యలోనే మానుకున్నాడు. కుర్రతనంలో బుర్రకథ దళం కట్టి, కుటుంబ నియంత్రణ గురించి సర్కారు ప్రచారం కూడా చేసినాడు. బి.నరసింగరావు గారి పరిచయంతో ఆయన పాట దారి మళ్ళింది. 1972లో జననాట్యమండలి పుట్టింది. కెనరా బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. మన ఇళ్ళల్లో ఒక పిల్లోడికి బ్యాంకు ఉద్యోగం వస్తే ఏమంటాం? ఏడు తరాల దరిద్రం తీరింది అంటాం. ఆ ఉద్యోగాన్ని 1984లో వదిలేసి పాటనే పట్టుకున్నాడు. గద్దర్ అనే పేరు కూడా, 1913లో తెల్లదొరల మీద తిరగబడ్డ గదర్ పార్టీ నుంచి తెచ్చుకున్నదే.

ఆయన వేషం చూసినారా? గోచీ, భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. అది కొత్తగా కుట్టించుకున్న వేషం కాదు, మన తాతల బట్టే. బాణీలు కూడా కొత్తవి కావు. కలుపు తీసే ఆడవాళ్ళ బాణీ, బిడ్డను జోకొట్టే తల్లి బాణీ, పీనుగ దగ్గర ఏడ్చే ఏడుపు బాణీ. వాటిని జనం దగ్గర తీసుకుని, అందులో ప్రశ్న పెట్టి, మళ్ళా జనానికే ఇచ్చినాడు. ఒక చరణం పాడేది, ఆపేది, రెండు మాటలు మాట్లాడేది, మళ్ళా ఎత్తుకునేది. వెనక దళం అందుకునేది. చదువు రాని మనిషి కూడా మూడోసారికి గొంతు కలిపేది. ఇదీ ఆయన పనితనం. ఇది నేర్చుకోదగిన పనే. వరమేమీ కాదు.

ఇక కులం సంగతి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకుల భూస్వాములు మన మాదిగ సోదరులు ఆరుగురిని నరికి చంపినారు. ఆ నెత్తుటిలోంచే దళిత మహాసభ లేచింది. బొజ్జా తారకం గారు, కత్తి పద్మారావు గారు ముందు నిలిచినారు. గద్దర్ కారంచేడు మీద పాట కట్టి ఊరూరా పాడినాడు. అదే ఏడు ఇంటి మీద పోలీసు దాడి జరిగినాక అజ్ఞాతంలోకి పోయినాడు. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో మళ్ళా జనం ముందుకు వస్తే, లక్షల మంది కదిలి వచ్చినారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాల. వర్గం మాట్లాడిన పార్టీలు కులం మాట్లాడడానికి చానా కాలం తీసుకున్నాయి. శివసాగర్‌గా మనకు తెలిసిన కవి కె.జి.సత్యమూర్తి ఈ ప్రశ్న మీదనే పార్టీతో తగువు పడి బయటికి వచ్చినాడు. గద్దర్ చానా ఏండ్లు లోపలే ఉన్నాడు. చివరి కాలంలో బుద్ధుణ్ణి, అంబేడ్కర్‌ని, రాజ్యాంగాన్ని చేతబట్టినాడు. ముందే పట్టుకుని ఉండాల్సింది అని మనలో అనే వాళ్ళు ఉన్నారు. ఓట్లు వద్దని పాడిన మనిషి 2018లో మొదటిసారి ఓటు వేసినాడు. 2023లో సొంతంగా పార్టీ కూడా ప్రకటించినాడు. వీటి మీద మనకు భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. మేము ఆయన్ను దేవుణ్ణి చెయ్యడానికి రాలేదు. దేవుళ్ళతో మనకు పడిన పాట్లు చాలు.

కానీ పాట కోసం ఆయన కట్టిన వెల చూడండి. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే ఆయన మీద తుపాకులు పేల్చినారు. పోలీసుల మనుషులేనని ఆయన, హక్కుల సంఘాల వాళ్ళు అన్నారు. సర్కారు కాదంది. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. ఆ తూటాతోనే ఇరవై ఆరేండ్లు గజ్జె కట్టి ఎగిరినాడు. అంతకు ముందే 'ఒరేయ్ రిక్షా' సినిమాలో రాసిన అన్నాచెల్లెళ్ళ పాటకు నంది అవార్డు ప్రకటిస్తే, వద్దన్నాడు. 2023లో ఆయన పోయినప్పుడు సర్కారు లాంఛనాలతో సాగనంపింది. నందుల స్థానంలో తెలంగాణా ప్రభుత్వం 2025లో సినిమా వాళ్ళకు ఇచ్చిన అవార్డుల పేరేమి? గద్దర్ అవార్డులు! బతికుండగా వద్దన్న దానికి చచ్చినాక ఆయన పేరే పెట్టినారు. రాజ్యం పాటగాణ్ణి రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి తూటాతో, రెండు శాలువాతో. రెండోది నొప్పి తెలియనీదు. మనం జాగ్రత్త పడాల.

గద్దర్ కన్నుమూసింది ఆగస్టు 6న. ఆ తేదీ మనకు ముందే తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోతాల్లో కుక్కి కాలువలో పడేసినారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందరినీ వదిలేసింది. కోర్టు వదిలేసినాక ఆ ఎనిమిది మందిని గుర్తు పెట్టుకునేది ఎవరు? పత్రికలకు నాలుగు రోజులు. పాటకు నలభై ఏండ్లు. అక్షరం అందనీయని జాతికి పాటే రికార్డు, పాటే కోర్టు, పాటే చరిత్ర పుస్తకం.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాల. మేము మా ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ చదివిన వాళ్ళం. పంతుళ్ళమైనాం. పల్లెకు పోయి ఏమి చెప్పినాం? "పలక పారేయండి, పుస్తకం పట్టండి" అన్నాం. ఊరి చాకిరీ వదలమన్న అంబేడ్కర్ మాట అనుకుని చెప్పినాం. ఫలితం? మా తరగతిలో ఒక పిల్లోణ్ణి "మీ నాయన ఏం పని చేస్తాడు?" అంటే తల దించుకున్నాడు. నాయన పలక కొట్టి పెట్టిన కూడు తిని, పలక అంటే సిగ్గు పడినాడు. ఆ సిగ్గు నేర్పింది మేమే గదా!

బాబాసాహెబ్ వదలమన్నది వెట్టిని. మన దెబ్బను కాదు, మన గొంతును కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. పరుల మాట చాటిన దండోరా, తన హక్కు పేరైంది. గద్దర్ చూపిందీ అదే. వాయిద్యం ఉంచుకో, బానిసత్వం పారెయ్.

మదనపల్లె వాళ్ళకు పాట విలువ చెప్పాల్నా? 1919లో ఠాగూరు ఇక్కడి బీసెంటు కాలేజీలో ఉండే గదా జనగణమనను ఇంగ్లీషు చేసింది. ఊరు ఊరంతా చెప్పుకుంటుంది, చెప్పుకోవాల్సిందే. కానీ అదే ఊరి మార్కెట్లో టమేటా గంపలు మోసే మన ఆడబిడ్డ పాటను ఎవరు రాసుకున్నారు? కుప్పం వాళ్ళు తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతారు. అక్కడి నుంచి కోలారు బంగారు గనులకు పోయి దుమ్ము మింగిన తాతల పాట ఏ భాషలో మిగిలింది? 2001లో గనులు మూసినారు. ఆ తాతలు పోతే పాటా పోతుంది.

అందుకని మూడు పనులు చేద్దాం. ఒకటి, కూలి ముందే మాట్లాడుకోకుండా, గౌరవం లేకుండా, ఎవరి గడప ముందూ పలక కొట్టేది లేదు. రెండు, ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెట్టి అవ్వల పాటలు రాయాల. రాసే పని బడికి పోయే బిడ్డలది. మూడు, పల్లెకొక పాట దళం కట్టాల. అందులో ఆడబిడ్డలు ఉండాల. పాడినోనికి సంఘమే బస్సు చార్జీ, అన్నం పెట్టాల. ఊరికే పాడించుకుంటే మనం కూడా రెడ్డి చేసిందే చేసినట్టు.

అవ్వా, ఇదీ మా జవాబు. గద్దర్ మన పక్క వాడేనా అంటే, నీ మనవడు ఈ రాత్రి పలక తీసుకుని తన మాట తాను చాటితే, మన పక్క వాడే. తియ్యకపోతే, మనం వేసిన దండ వాడిపోతుంది, అంతే.

జై భీమ్!