జనసమ్మర్దమున పసివాండ్రు



టోకియో నగరమున నిహొంబాషికి చేరువనున్న ఒక వంతెన యొద్ద 1857లో నాటిన రాతిస్తంభ మొకటి నేటికిని నిలిచియున్నది. తప్పిపోయిన బిడ్డను వెదకువారు దానికి ఒక ప్రక్కను, బిడ్డ దొరకినవారు రెండవ ప్రక్కను చీటీలు అంటించెడివారు.

నేడా పని కోబాను అను చిన్న పోలీసు ఠాణాలు చేయుచున్నవి. ఐనను మన పసివానికి జపాను భాష రాదు గదా! కావున బస పేరును, తండ్రి టెలిఫోను నంబరును జపాను లిపిలో వ్రాయించి వాని జేబున నుంచవలెను. ప్రయాణమునకు పులిహోర కట్టుట మఱవని మన తల్లులు ఈ చీటీని మాత్రము మఱతురు.

అసలు గండము రైలు తలుపుకడ నున్నది. షింజుకు స్టేషనున 2018లో దినమునకు 35 లక్షలకు పైగా జనులు రాకపోకలు సాగించిరి. అట్టి రద్దీలో తలుపు క్షణములో మూసికొనును. తల్లి లోపల, బిడ్డ వెలుపల! "వెలుపల నిలిచిపోయినచో అడుగు కదపకుము, నేనే తిరిగి వత్తును, రైలు నిన్ను కొనిపోయినచో తరువాతి స్టేషనున దిగి అచ్చటనే నిలువుము" అని ముందుగనే నేర్పవలెను. ఒకమారు చెప్పిన చాలదు, బిడ్డచేత మరల చెప్పించవలెను. వెదకబోవువా రెవరో దంపతులును ముందే నిర్ణయించుకొనవలెను. ఇద్దరును పరుగిడినచో బిడ్డ దొరకును గాని భర్త తప్పిపోవును.

పనిదినములలో ఉదయము 7.30 మొదలు 9.30 వఱకు పసివాండ్రతో రైలెక్కకుండుట మేలు. తప్పనిచో, స్త్రీల పెట్టెలో తల్లితోబాటు ప్రాథమిక పాఠశాల వయస్సు మగపిల్లలును ఎక్కవచ్చును. చంకబిడ్డను ఎత్తుకొనుటయే సుఖము. తోపుడుబండి ఆ మెట్లపై తల్లికి రెండవ బిడ్డ యగును.