రాసుకునే పేరు, పిలుచుకునే పేరు

(డాక్టర్ అంబేద్కర్ వర్ధంతి సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబర్ 6. 1956లో ఈ రోజునే బాబాసాహెబ్ మనల్ని విడిచి వెళ్ళిపోయారు. 1992లో ఈ రోజునే అయోధ్యలో బాబ్రీ మసీదును కూలగొట్టారు. నేనప్పుడు ఏడో తరగతి. అయోధ్య ఎక్కడుందో మా పల్లెలో ఎవరికీ తెలియదు. చుండూరు ఎక్కడుందో మాత్రం అందరికీ తెలుసు. అంతకుముందు ఏడాదే, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది మనవాళ్ళను నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. మా అమ్మ కూలికి పోయేటప్పుడు కూడా ఆ కబురే, వచ్చేటప్పుడు కూడా ఆ కబురే. అందుకని మతోన్మాదం గురించి మాట్లాడమని నన్ను పిలిస్తే, నాకు ముందు అయోధ్య గుర్తుకు రాదు, చుండూరే గుర్తొస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉంది. ఆ సంబంధం చెప్పటానికే వచ్చాను.

మతం రాజకీయాల్లోకి రథమెక్కి వచ్చిందని మనం చెప్పుకుంటుంటాం. అబద్ధం కాదు. 1990 ఆగస్టు 7న మండల్ సిఫార్సులు అమలు చేస్తామని ప్రకటించారు. సెప్టెంబర్ 25న సోమనాథ్ నుంచి రథం కదిలింది. వెనకబడిన కులాల వాళ్ళు మా వాటా ఏదని అడగ్గానే, మీరంతా ముందు హిందువులు, వాటా సంగతి తర్వాత అన్నారు. కాని మన పల్లెలోకి మతం అంతకు నలభై ఏళ్ళ ముందే వచ్చింది. రథమెక్కి రాలేదు. కాగితమ్ముక్క రూపంలో, కుల సర్టిఫికెట్ రూపంలో వచ్చింది.

మొన్న జూన్‌లో మా బళ్ళోకి ఒక ముసలమ్మ మనవణ్ణి తీసుకొచ్చింది, ఒకటో తరగతిలో చేర్చటానికి. రిజిస్టరు ముందేసుకుని, ‘పిల్లోడి పేరేందమ్మా?’ అన్నాను. ‘రాసుకునే పేరా, పిలుచుకునే పేరా టీచరమ్మా?’ అంది. పిలుచుకునే పేరు బైబిల్లోది. రాసుకునే పేరు ఊళ్ళో దేవుడిది. సరే, రాసుకునే పేరు రాశాను. పక్కన మతం గడి ఉంది. ‘మతం ఏం రాయమంటావు?’ అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ‘ఏది రాస్తే పిల్లోడికి రేపు ఎస్సీ హాస్టల్లో సీటొస్తదో అది రాయి తల్లీ’ అంది.

రాశాను. ఏం రాశానో మీకు తెలుసు. అబద్ధం చెప్పకూడదని గోడ మీద రంగు చాకుపీసుతో రాసిన గదిలోనే కూర్చుని రాశాను. ఆరేళ్ళ పిల్లోడు పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆ ముసలమ్మ మోసగత్తె కాదు. ఆమె చేత ఆ మాట చెప్పించింది చట్టం.

ఆ చట్టం ఏమిటో చూడండి. రాజ్యాంగం 25వ అధికరణం ఎవరికి నచ్చిన మతాన్ని వాళ్ళు నమ్ముకోవచ్చు, ఆచరించవచ్చు, ప్రచారం చేసుకోవచ్చు అంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడే, 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డు కులాల గురించి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కు దళితులను చేర్చారు. బౌద్ధులను 1990లో గాని చేర్చలేదు. లెక్క వేయండి. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నారు. ఆయన వెంట నడిచిన లక్షలాది మందికి కేంద్రం దృష్టిలో ఎస్సీ హోదా రావటానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది! క్రైస్తవులైన, ముస్లిములైన దళితులకు ఆ పేరా ఇవాళ్టికీ అడ్డుగోడే. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాల వాళ్ళను బి.సి.-సి అన్నారు. ఒక శాతం ఇచ్చారు. చట్టసభల్లో రిజర్వుడు సీటు లేదు.

కులం మతం వల్ల వచ్చింది కాబట్టి మతం మారితే కులం పోతుంది గదా అని వాళ్ళ వాదన. వినటానికి బాగుంది. 1985లో సుప్రీంకోర్టు ముందుకు మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక మనిషి కేసు వచ్చింది. అక్కడి ప్రభుత్వం చెప్పులు కుట్టేవాళ్ళకు బంకులు ఇచ్చింది. ఈయన క్రైస్తవుడని ఈయనకు ఇవ్వలేదు. మతం మారిన తర్వాత కూడా అంటరానితనం అంతే తీవ్రంగా ఉందనటానికి తగిన ఆధారం చూపలేదని కోర్టు కొట్టేసింది. అదే 1985లో, జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడ్డళ్ళు పట్టుకొచ్చిన వాళ్ళు ఎవరినీ బాప్తిస్మం సర్టిఫికెట్ అడగలేదు. నువ్వు ఏ మతం అని అడగలేదు. పల్లె ఎటుందో చూసుకుని వచ్చారు. ఇంతకన్నా ఆధారం ఏం కావాలి?

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఒక పాస్టరుగారి కేసులో, మతం మారినవాడికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. కారంచేడు నెత్తుటితో తెచ్చుకున్న చట్టం మనది. కులం పేరుతో తిట్టేవాడికి తిట్టించుకునేవాడి మతంతో పని లేదు. మరి చట్టానికెందుకు పని?

‘గోధుమ పిండికీ పాలపొడికీ అమ్ముడుపోయారు’ అని మనల్ని తిడుతుంటారు. పిల్లలు ఈ చరిత్ర తెలుసుకోవాలి. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోయారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక భాగం కంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు పని పెట్టాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, కూటికోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తీరాక 1878 జులై 3న, ఒక్క రోజులో, గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందే పల్లె పల్లె తిరిగి ఆ మాట చెప్పినవాడు దొర కాదు, యర్రగుంట్ల పేరయ్య అనే మన మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసుకునేవాడు. కూటికే అయితే కరువులోనే పోయేవాళ్ళు. వాళ్ళు పోయింది పేరుపెట్టి పిలిచేచోటికి, పలక చేతికిచ్చే చోటికి. మా అమ్మకు అక్షరం రాదు. నన్ను మాత్రం చర్చి అరుగు మీద రాత్రి బడికి పంపింది. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. విశ్వాసం అంటే నాకు చులకన లేదు.

అట్లాగని చర్చిని వెనకేసుకు రావటానికి కూడా రాలేదు. రెడ్డి కతోలికులు, కమ్మ కతోలికులు మన పల్లెతో సంబంధం కలుపుకుంటారా? ఇండియాలో మొట్టమొదటి దళిత కార్డినల్ ఎప్పుడయ్యాడు? 2022లో! మన రాయలసీమ బిడ్డ, హైదరాబాదు ఆర్చిబిషప్పు. సంతోషమే. అన్ని వందల ఏళ్ళు ఎందుకు పట్టిందో కూడా అడగాలి. మన జాషువా సంగతి చూడండి. క్రైస్తవుల్లో పుట్టి పురాణ కథల మీద పద్యాలు రాశాడని చర్చి వాళ్ళు వెలేశారు. అంటరానివాడని అగ్రకుల పండితులు దూరం పెట్టారు. మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉందని ఆయన 1941లో ‘గబ్బిలం’ రాశాడంటే ఊరికే రాయలేదు.

ఇప్పుడు మన పల్లెలో ఏం జరుగుతుందో నేను చూస్తూనే ఉన్నాను. ఒక పక్క నుంచి కొందరు వస్తారు. మా పాత విద్యార్థులకు కండువాలు కప్పుతారు, డీజేకి డబ్బులిస్తారు, ఊరేగింపులో ముందు నడవమంటారు. రామాలయం అరుగు మీద మాత్రం కూర్చోనివ్వరు. ఇంకో పక్క నుంచి ఒక బోధకుడు వస్తాడు. అంబేద్కర్ విగ్రహానికి దండ వేస్తే విగ్రహారాధన, పాపం అంటాడు. ఇద్దరికీ పడదు, కాని ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటే - అన్నను ఆ పక్క, తమ్ముణ్ణి ఈ పక్క నిలబెట్టటం. దీని చివర ఏముందో తెలుసుకోవాలంటే పక్కనే ఉన్న ఒరిస్సా చూడండి. 2008 ఆగస్టులో కంధమాల్‌లో ఒక స్వామీజీని చంపారు. ఆ పని చేసింది మేమని మావోయిస్టులు ప్రకటించారు. అయినా ఇళ్ళు తగలబడింది క్రైస్తవులవి. వాళ్ళలో ఎక్కువమంది పాణ కులం దళితులు. వాళ్ళ మీదికి ఉసిగొల్పింది కంధ ఆదివాసులను. భూమి, రిజర్వేషన్ల తగాదా అప్పటికే ఉంది. దానికి మతం నిప్పు పెట్టారు. కొట్టుకున్నది పేదవాడూ పేదవాడే.

పరమత సహనం కావాలని పెద్దమనుషులు చెబుతారు. నాకు ఆ మాట మింగుడు పడదు. సహించటమంటే ఓర్చుకోవటం. ఓర్చుకునేవాడు రేపు ఓర్చుకోకపోవచ్చు. మనం అడిగేది ఓర్పు కాదు, హక్కు. విశ్వాసం మనిషిది. రాజ్యం అందరిదీ. మనిషి తన విశ్వాసంతో బలం తెచ్చుకుని రాజకీయాల్లోకి రానివ్వండి, అభ్యంతరం లేదు. రాజ్యం మాత్రం నా విశ్వాసం చూసి నాకు రొట్టె ముక్క కొలవకూడదు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25నే రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ భక్తి ఏ రంగు కండువా వేసుకున్నా ఒకటే.

మనలోనే కొందరు అన్నలు అడుగుతారు, ‘వాళ్ళు కూడా వస్తే మన వాటా తగ్గదా?’ అని. న్యాయమైన ప్రశ్న. జవాబు ఏమిటంటే, జనం పెరిగితే వాటా పెంచమని అడుగుదాం, తమ్ముణ్ణి తోసేయమని కాదు. అసలు మన పల్లెలో ఎంతమంది పిల్లలు ఇప్పటికే రెండు పేర్లతో చదువుకుంటున్నారో మీకు తెలియదా?

మనం అడగాల్సింది కొత్తదేం కాదు. ఆ మూడో పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ గారితో ఇంకో కమిషన్ వేసింది. కమిషన్ మీద కమిషన్! ఓట్లకొచ్చే ప్రతి పార్టీ వాణ్ణీ ఈ ఒక్క ప్రశ్న అడగండి - మూడో పేరా తీయిస్తావా, లేదా? రెండోది, ఎవరి కండువా కప్పుకుని ఎవరి ప్రార్థన మందిరం మీదికీ మన పిల్లలు పోకూడదు. మసీదు మీద రాయి పడినా, చర్చి మీద పడినా, మన పోలేరమ్మ గుడి మీద పడినా మాల, మాదిగ పల్లెలు రెండూ కలిసి పోయి నిలబడాలి.

కింద కూర్చున్న మీలో కొందరు నా సర్టిఫికెట్లో ఏముందా అని ఆలోచిస్తుండొచ్చు. నేను చెప్పను. మీ సర్టిఫికెట్లో ఏముందో నేను అడగను. చెప్పినా ఎవరి ఉద్యోగమూ, ఎవరి సీటూ పోని రోజున అందరం చెప్పుకుందాం. ఆ రోజు మా బడి రిజిస్టర్లో పిల్లోడిని అమ్మ ఏ పేరుతో పిలుస్తుందో ఆ పేరే రాస్తాను.

జై భీమ్!