ఆరు పాటలు, ఆరు చీటీలు

(మహాసభల సంగీత సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇచ్చిన అంశం "మన సంగీతం, ఇక్కడి పిల్లలు". నిర్వాహకుల అనుమతితో దాన్ని కొంచెం తిరగేసి "పిల్లల సంగీతం, ఇక్కడి మనం" అని మాట్లాడతాను. నేను సంగీత విద్వాంసుణ్ణి కాదు. చిన్నప్పుడు బందరులో రెండేళ్ళు మృదంగం నేర్చుకుని, పదో తరగతి పరీక్షలు వంక పెట్టి మానేసినవాణ్ణి. ఆ రెండేళ్ళ చదువే నా కొంప ముంచింది. ఎలాగో చెబుతాను.

మేము కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్‌లో ఉంటాం. మా అమ్మాయి అక్కడే పుట్టింది, ఇప్పుడు పదహారేళ్ళు. ఊరి పేరు పలకడం నాకింకా రాలేదని దాని అభిప్రాయం. అక్కడి వాళ్ళు "లూవల్" అని సగం మింగేస్తారు. నేను పదిహేడేళ్ళుగా పూర్తిగా పలుకుతున్నాను. పన్నెండేళ్ళ దాకా వాళ్ళ పెద్దమ్మ దగ్గర, అంటే మా వదినగారి దగ్గర, వారం వారం ఆన్‌లైన్లో గాత్రం నేర్చుకుంది. వర్ణాల దాకా వచ్చి మానేసి గిటారు పట్టుకుంది. మా ఇంట్లో ఎవరూ గొడవ చేయలేదు. కానీ ఎవరూ మర్చిపోలేదు కూడా. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉంటాయి.

ఒకరోజు కారులో తను ఒక పాట పెట్టింది. అడక్కుండా పెట్టడం అదే మొదటిసారి. నిమిషం కూడా కాలేదు, నా వేళ్ళు స్టీరింగ్ మీద లెక్క వేశాయి. "అయిదు! ఇది మన ఖండ చాపే కదమ్మా! మనవాళ్ళు ఎప్పుడో చేసేశారు ఇవన్నీ" అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. తను పాట ఆపేసింది. తర్వాత నాలుగు నెలలు కారులో చెవుల్లో ఇయర్ ఫోన్లే. నేను అడిగితే ఒకటే జవాబు: "నీకు తెలిసిందే కదా నాన్నా."

ఆ పాట స్లింట్ అనే బృందానిది. ఆల్బమ్ పేరు స్పైడర్‌ల్యాండ్. మ్యాథ్ రాక్ అనే తరహాకి దారి వేసిన ఆల్బమ్‌లలో దీన్ని తప్పకుండా చెబుతారు. మ్యాథ్ రాక్ అంటే లెక్కల పాఠం కాదు. మామూలు రాక్ పాట ఎక్కువగా నాలుగు లెక్కలో నడుస్తుంది, కాలితో తట్టుకుంటూ పోవచ్చు. ఈ తరహాలో అయిదు, ఏడు, పదకొండు లాంటి బేసి లెక్కలు వస్తాయి. పాట మధ్యలో లెక్క మారుతుంది, ఉన్నట్టుండి ఆగుతుంది, గుసగుసలోంచి ఒక్కసారి హోరుకి పోతుంది. ఈ పేరు 1990లలో వాడుకలోకి వచ్చింది. పిట్స్‌బర్గ్‌కి చెందిన డాన్ కాబయెరో, 1999లో ఒక ఆల్బమ్ చేసిన ఇల్లినాయ్ కుర్రాళ్ళు అమెరికన్ ఫుట్‌బాల్, జపాన్‌లో టో అనే బృందం, ఇలా చాలామంది ఆ దారిన నడిచారు.

నేను సిగ్గుపడాల్సిన విషయం వేరే ఉంది. స్లింట్ కుర్రాళ్ళు మా లూయీవిల్ వాళ్ళే. మా ఊరికి చుట్టాలు వస్తే డెర్బీ గుర్రాలు చూపిస్తాను, ముహమ్మద్ అలీ మ్యూజియం చూపిస్తాను, బేస్‌బాల్ బ్యాట్లు చేసే చోటు చూపిస్తాను. ఈ సంగతి మాత్రం పదిహేడేళ్ళలో నా చెవిన పడలేదు. నలుగురు స్నేహితులు, అప్పటికి ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు, ఎన్నో నెలలు కలిసి సాధన చేసి, 1990 ఆగస్టులో చికాగో వెళ్ళి ఆరు పాటలు రికార్డు చేశారు. 1991 మార్చిలో ఆల్బమ్ విడుదలైంది. అప్పటికే బృందం విడిపోయింది. మొదట్లో కొన్నవాళ్ళు తక్కువే. వాళ్ళ మొదటి ఆల్బమ్ రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ మాత్రం ఒక బ్రిటిష్ పత్రికలో పదికి పది చుక్కలు ఇచ్చి ఆకాశానికెత్తాడు. క్రమంగా అది చేతులు మారుతూ మారుతూ ఒక తరం సంగీతకారులకి పాఠ్యపుస్తకం అయింది. 2005లో వాళ్ళు మళ్ళీ కలిసి కచేరీలు చేశారు. 2014లో వాళ్ళ మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

మొన్న థ్యాంక్స్‌గివింగ్‌కి ఇండియానాపొలిస్ నుంచి వదినగారు వచ్చారు. మా నాన్నగారు బందరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. పాత సినిమా పాటలంటే ప్రాణమిచ్చే మా మిత్రుడొకాయన భోజనానికి వచ్చాడు. భోజనాలయ్యాక నేనే అమ్మాయిని అడిగాను: "ఆ ఆల్బమ్ పెట్టమ్మా, అందరం వింటాం." చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది, మూడు షరతుల మీద. ఫోన్లు వంటింట్లో పెట్టాలి. 39 నిమిషాలు ఎవరూ నోరు విప్పకూడదు. అయిపోయాక మాట్లాడకుండా, ఒకరిది ఒకరు చూడకుండా, ఏమనిపించిందో చీటీ మీద రాసి గిన్నెలో వెయ్యాలి. మా మిత్రుడు "చీట్ల పాటా?" అన్నాడు. అప్పటికింకా షరతు మొదలవలేదు కాబట్టి క్షమించేసింది.

తను ఊళ్ళో కొనుక్కున్న రికార్డు తెచ్చింది. అట్ట మీద నలుపు తెలుపు ఫొటో, నీళ్ళలోంచి నాలుగు తలకాయలు. మా ఊరి పక్కన ఒహాయో నది దాటితే వచ్చే ఇండియానాలోని పాత రాతి క్వారీ నీళ్ళట. నాన్నగారు అట్ట చేతిలోకి తీసుకుని, "ఈదుతున్నారా, మునుగుతున్నారా?" అని అడిగారు. మనవరాలు నవ్వింది కానీ జవాబు చెప్పలేదు.

39 నిమిషాలు. అటువైపు మూడు పాటలు, ఇటువైపు మూడు. మన ఇళ్ళల్లో ఆరుగురు తెలుగువాళ్ళు అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం సత్యనారాయణ వ్రతంలో కూడా చూడలేదు. తర్వాత చీటీలు వేశాం. అమ్మాయి ఒక్కొక్కటే తీసి చదివింది. నాన్నగారి చీటీ, వాళ్ళ పెద్దమ్మ చీటీ తెలుగులో ఉంటే కూడబలుక్కుంటూ చదివింది.

మా మిత్రుడు: "మొదటి పాటలో గిటార్లు శ్రుతి చేసుకుంటున్నారనుకున్నా. పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుండగానే అయిపోయింది. పల్లవి ఏదో దొరకలేదు."

మా ఆవిడ: "పాడటం లేదు, మాట్లాడుతున్నాడు. పక్క గదిలో ఎవరో తమలో తాము మాట్లాడుకుంటుంటే తలుపు ఇవతల నుంచి విన్నట్టుంది. డ్రమ్స్ లేని మూడో పాటకి భయమేసింది. నాలుగోది జోలపాటలా ఉంది, కానీ నిద్ర పట్టనివ్వదు."

వదినగారు: "రెండో పాట అయిదు. పట్టుకున్నాను. కాసేపటికి చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నాకు సమం దొరకలేదు. కోపం వచ్చింది."

తర్వాత నా చీటీ. అందరిదీ ఒక్క వైపు ఉంటే నాది రెండు వైపులా ఉంది. మన చాపు తాళాలు, వాటిలో విభజనలు, మన పూర్వులు, వాళ్ళ లెక్కలు. అమ్మాయి మొత్తం చదివి, మడిచి పక్కన పెట్టి నెమ్మదిగా అంది:

"నాన్నా, ఇందులో పాట గురించి ఒక్క మాట లేదు. ఇదంతా నీ గురించి."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. తనే మళ్ళీ అంది: "మనవాళ్ళు ఎప్పుడో చేసేశారంటావు. వీళ్ళు ఎవర్నీ చూసి చెయ్యలేదు, వాళ్ళంతట వాళ్ళు వెతుక్కున్నారు. నా స్కూలు ఉన్న ఊళ్ళో కూర్చుని వెతుక్కున్నారు. నీకు మీ ఊరంటే బందరు. నాకు మా ఊరంటే ఇదే. ఇది నా ఊరి పాట. దీన్నీ నీదే చేసేసుకుంటే ఇంక నాకంటూ ఏం మిగిలింది?"

మిత్రులారా, ఇది నిష్ఠూరం కాదు, లెక్క. మనం కొత్తది ఏది విన్నా, ఏది తిన్నా, రెండో నిమిషంలో "మన దగ్గర ఎప్పుడో ఉంది" అంటాం. ఉండొచ్చు కూడా. అయిదు లెక్క మన దగ్గర ఉన్న మాట నిజమే, రెండు మూడుగా విడగొట్టి ఎంత అందంగా వాడారో నాకు తెలుసు. కానీ ఆ మాట అన్న క్షణంలో వినడం ఆగిపోతుంది. మనకి తెలిసిన ముక్క దొరికింది కాబట్టి మిగతాది అక్కర్లేదనిపిస్తుంది.

వదినగారే నా తప్పు నాకు విడమరిచారు. మన తాళం ఒక ఇల్లు లాంటిదన్నారు. ఎంత దూరం తిరిగినా సమానికి వచ్చి చేరతాం, ఎక్కడికి చేరాలో వినేవాడికీ తెలుసు. అందుకే ఆ చేరుకోవడంలో అంత ఆనందం. ఈ పాటల్లో లెక్క కథ వెంట పోతోందన్నారు. కథ తడబడితే లెక్క తడబడుతుంది, కథలో మనిషికి ఇల్లు దొరక్కపోతే వినేవాడికీ దొరకదు. "నాకు కోపం వచ్చింది చూశావా, బహుశా అదే వాళ్ళు ఇవ్వాలనుకున్నది" అన్నారు. మా మిత్రుడి శ్రుతి, మా ఆవిడ తలుపు, వదినగారి కోపం, ఈ మూడూ పాటలో నిజంగా ఉన్నవే. లేనిది నా చీటీలోదే.

అయిదో చీటీ నాన్నగారిది. ఆయనకి రాక్ సంగీతం అంటే ఏమిటో తెలియదు, ఆ యాసలో ఇంగ్లీషు ఒక్క ముక్క అందలేదు. ఒకే వాక్యం రాశారు: "చివర్లో ఆ అబ్బాయి అలా అరిచాడు, ఎవర్ని పోగొట్టుకున్నాడు?"

అమ్మాయి ఆ చీటీ పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వెళ్ళి తాతయ్య కుర్చీ పక్కన కింద కూర్చుని ఆ చివరి పాట కథ చెప్పింది, వచ్చీరాని తెలుగులో. తుఫానులో ఓడ పగిలిపోతుంది. కెప్టెన్ ఒక్కడే ఒడ్డుకి చేరతాడు. ఒక ఇంటి తలుపు దగ్గర నిలబడి లోపలికి రానివ్వమని అడుగుతాడు. లోపల ఒక పిల్లాడు ఉంటాడు. చివర్లో ఆ కేక, తనకి దూరమైన మనిషి మీద బెంగ.

నాన్నగారు విని, "1977 ఉప్పెనప్పుడు నేను దివిసీమలో పంతులుగా ఉన్నాను" అన్నారు. నవంబరు 19. ఆ రాత్రి సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. ఆ సంగతి మాకు తెలుసు. తెలియనిది ఇదీ: కొన్ని వారాల తర్వాత బడి తెరిచినప్పుడు ఆయన హాజరు పట్టీ తెరిచి, పేర్లు పిలవలేక మూసేశారట. చాలా రోజులు పేర్లు పిలవకుండానే పాఠం చెప్పారట. "పిలిస్తే పలకని పేరు ముందు ఎంతసేపు ఆగాలో తెలియలేదమ్మా" అన్నారు. నాకు నలభై దాటాయి. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు.

చూడండి, ఆయన కూడా పాటని తన జీవితం దగ్గరికే తెచ్చుకున్నారు. నేను చేసినదానికీ దీనికీ తేడా ఏమిటని తర్వాత చాలా ఆలోచించాను. ఆయన ముందు అడిగారు. అవతలి వాళ్ళు చెప్పింది విన్నారు. ఆ తర్వాత తనది చెప్పారు. నేను అడగకుండానే చెప్పాను. తేడా అంతే. కానీ నాలుగు నెలల మౌనానికి అది సరిపోయింది.

ఆరో చీటీ అమ్మాయిది. తనదని చదవనంది. వాళ్ళమ్మ తీసుకుని చదివింది: "నేను వినడం ఇది మొదటిసారి కాదు. మీతో వినడం మొదటిసారి. చివరి పాటకి రోజూ ఏడుస్తాను. ఇవాళ ఎవరైనా నవ్వుతారేమోనని ఆపుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. అదొక్కటే ఆ రాత్రి మేం సరిగా చేసిన పని.

ఇది సినిమా కథ అయితే ఇక్కడ అమ్మాయి మళ్ళీ గాత్రం మొదలుపెట్టాలి. పెట్టలేదు. నాకు ఆ ఆల్బమ్ అంతా నచ్చిందా అంటే, అబద్ధం ఎందుకు, మొదటి పాట ఇప్పటికీ పూర్తిగా అందలేదు. నాలుగోది మాత్రం ఆఫీసుకి వెళ్తూ ఒక్కణ్ణే పెట్టుకుంటున్నాను. కారులో అమ్మాయి ఇయర్ ఫోన్లు తీసింది. తాతయ్య తిరిగి బందరు వెళ్ళారు. వారానికో పాట ఫోన్లో పంపిస్తోంది, ఆయన ఒక్కో వాక్యం రాసి పంపిస్తున్నారు. నన్ను ఆ గ్రూపులో చేర్చలేదు. ఇంకా పరిశీలనలో ఉన్నానట.

ఈ మహాసభల నుంచి ఇళ్ళకి వెళ్ళాక మీ పిల్లల్ని ఒక ఆల్బమ్ అడగండి. వాళ్ళకి నచ్చింది, మీకు తెలియనిది. ఫోన్లు వంటింట్లో పెట్టండి. చీటీ మీద ఒక్క వాక్యం రాయండి. వీలైతే ప్రశ్న రాయండి. "మన దగ్గర ఎప్పుడో ఉంది" అనే మాట మాత్రం ఆ ఒక్క రాత్రికి జేబులో పెట్టుకోండి. అది ఎక్కడికీ పోదు, మర్నాడు పొద్దున కాఫీ దగ్గర చెప్పుకోవచ్చు.

భోజనాలకి పిలుస్తున్నారు. సెలవు.