గ్రామ వృక్షముల సంరక్షణ: పంచాయతీల బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

1950వ సంవత్సరమున నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ శాఖామాత్యులు శ్రీ కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిరి. నాటినుండి ప్రతి యేటను తొలకరి వానలతో ఊరూర మొక్కలు నాటుచున్నాము. నాటుట మంచిదే. కాని నాటుట ఒక దినపు పని. కాపాడుట ఒక తరపు పని. నేడు మేము మీతో ముచ్చటింపదలచినది నాటుటను గూర్చి కాదు. మీ రచ్చబండకడను, బడి ఆవరణములోను, చెరువుకట్టపైనను తాతల నాటినుండి నిలిచియున్న పెద్దచెట్లను గూర్చి.

చెరువు తూము చెడినచో బాగుచేయింతుము. బావి ఒర కూలినచో మరల కట్టింతుము. చెట్టు విషయమున మాత్రము మనకు తెలిసినవి రెండే మార్గములు: పట్టించుకొనకుండుట, లేదా కొట్టివేయుట. బడి ముందరి వేపచెట్టున ఒక కొమ్మ ఎండినదనుకొనుడు. చూచియు ఊరకున్నచో ఒకనాటి గాలికి అది పిల్లలపై పడవచ్చును. భయపడి చెట్టునే కొట్టించినచో ఆ నీడ మరల వచ్చుటకు ముప్పది, నలువది యేండ్లు పట్టును. ఈ రెంటికి నడుమ మూడవ మార్గమొకటి కలదు: ఎండిన కొమ్మను సరియైన చోట, సరియైన విధమున తీయించి, చెట్టును నిలుపుకొనుట. దానినే నేడు వివరింతుము.

చెట్టు గాయమెట్లు మానును?

మన చేతికి గాయమైనచో కొంతకాలమునకు క్రొత్త కండ పూడుకొనివచ్చును. చెట్టున కట్లు జరుగదు. చెడిన కలపను చెట్టు తిరిగి బాగుచేసికొనజాలదు. గాయము చుట్టును లోపల అడ్డుగోడలు కట్టుకొని, కుళ్లును ముందునకు పోనీయక, పైన క్రొత్త కలపతో కప్పివేసికొనును. అమెరికా అటవీశాఖలో పనిచేసిన డాక్టరు అలెక్స్ షైగో వేలకొలది చెట్లను యంత్రపు రంపముతో కోయించి చూచి, 1970 తరువాతి సంవత్సరములలో ఈ సంగతిని వెల్లడించెను. నేడు లోకమంతటను చెట్ల పనివారు ఆయన చూపిన పద్ధతినే అనుసరించుచున్నారు.

దీనివలన మనకు తెలియవలసినదేమనగా, కొమ్మ నరుకుటలో జరిగిన తప్పు నాటికి నాడే కనబడదు. పదియేండ్లకో, పదునైదేండ్లకో తొఱ్ఱయై బయటపడును. నరికించిన పంచాయతీవారి పదవీకాలము ముగియును. చెట్టు మాత్రము ఆ తప్పును మోయుచునే యుండును.

కొమ్మను ఎచ్చట కోయవలెను?

ఏ చెట్టునైనను దగ్గరగా పరిశీలింపుడు. కొమ్మ మానునుండి బయలుదేరుచోట చుట్టును గాజువలె ఉబ్బిన భాగము కనబడును. దానిని మనము గాజు అనియే పిలుచుకొందము. గాయమును మూసివేయు శక్తి చెట్టునకు ఆ గాజులోనే యున్నది. కావున గాజును గాయపరుపక, దానికి వెలుపలి అంచున కోయవలెను. మానునకు సమముగ చెక్కివేసినచో గాజు తెగిపోయి, గాయము పెద్దదై, కుళ్లు మానులోనికి దిగును. అట్లుగాక జానెడు, మూరెడు మొండి విడిచినను తప్పే. మొండి ఎండి, పుచ్చి, పురుగులకు దారియగును.

బరువైన కొమ్మను ఒకే కోతతో తీయరాదు. సగము తెగకముందే అది తన బరువునకు విరిగి, మాను బెరడును నిలువున చీల్చుకొనిపోవును. కావున మూడు కోతలు వేయవలెను. మొదటిది, మానునకు అడుగు, అడుగున్నర దూరమున, క్రిందినుండి పైకి, కొమ్మ మందములో నాలుగవ వంతు వరకు. రెండవది, దానికి కొంచెము వెలుపలగా, పైనుండి క్రిందికి. దీనితో కొమ్మ బెరడు చీలకుండ ఊడిపడును. మూడవది, మిగిలిన మొండిని గాజు అంచున చేతితో పట్టుకొని నెమ్మదిగా కోయుట. ఈ పనికి గొడ్డలి పనికిరాదు. పదునైన రంపము కావలెను. గొడ్డలి దెబ్బకు బెరడు చిట్లి గాయము మూతపడదు.

కోసిన చోట తారు పూయనక్కరలేదు. అది కుళ్లును ఆపజాలదు. తొఱ్ఱలను సిమెంటుతో పూడ్చుట ఒకప్పుడు మంచి వైద్యమని తలచెడివారు. నిజమునకు సిమెంటు లోపల తేమను పట్టియుంచును; చెట్టు గాలికి ఊగునప్పుడు లోపలి కలపను ఒరసికొనును. తొఱ్ఱను అట్లే విడిచిపెట్టుట మేలు.

ఎండిన కొమ్మలను ఎప్పుడైనను తీయవచ్చును. పచ్చి కొమ్మలను ముసురు పట్టిన దినములలో కోయకుండుట మంచిది. ఒక యేట చెట్టు పచ్చదనములో నాలుగవ వంతునకు మించి ఎన్నడును తీయరాదు. ఆకే చెట్టునకు అన్నము వండు చోటు. దానిని తీసివేసి చెట్టు బ్రతుకవలెననుట న్యాయము కాదు.

తల నరికిన చెట్టు

విద్యుత్తు తీగలక్రింద అనేక చెట్లను తల నరికి మొండి స్తంభములుగా నిలుపుచున్నారు. ఆరు నెలలలో అచ్చటినుండి గుత్తులు గుత్తులుగా చిగురు కొమ్మలు లేచును. చెట్టు బాగుపడినదని చూచువారనుకొందురు. కాని ఆ కొమ్మలు మాను లోపలినుండి పుట్టినవి కావు, పైపొరనుండి పుట్టినవి. అవి లావెక్కుచుండగా క్రింద మొండి కుళ్లుచుండును. తుదకు గాలి వచ్చినప్పుడు ముందుగా విరుగునవి అవియే. తీగకు అడ్డమైన కొమ్మను మాత్రము దాని మొదటివరకు తీయించుట సరియైన పద్ధతి. తీగల క్రింద ఎత్తెదుగని జాతులనే నాటుట అంతకంటె మంచి పద్ధతి.

వేరును మరువరాదు

పెద్దచెట్టు వేళ్లు పాతాళమునకు దిగియుండునని చాలమంది తలంతురు. ఆహారమును, నీటిని గ్రహించు వేళ్లలో అధిక భాగము పై రెండడుగుల మట్టిలోనే యుండును. కొమ్మల నీడను దాటి చాల దూరము వ్యాపించును. కావున మురుగు కాలువకు గాని, నీటి గొట్టమునకు గాని మానునకు దగ్గరగా కందకము త్రవ్వినచో, పైన కొమ్మ కదలకున్నను చెట్టు సగము చచ్చినట్లే. రెండు మూడేండ్ల తరువాత కొనలు ఎండుటయు, ఒకనాటి గాలివానకు మొదలంట కూలుటయు ఇట్టి పనుల ఫలమే.

సిమెంటు రోడ్లు వేయునప్పుడు మాను చుట్టును కాంక్రీటు పోయరాదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ చెట్ల విషయమున, ప్రతి చెట్టు చుట్టును ఒక మీటరు మేర కాంక్రీటు తొలగింపవలెనని ఆదేశించినది. మన గ్రామములకు కూడ ఆ కొలత ఆదర్శము. రచ్చబండ కట్టునప్పుడు మాను మొదట మట్టి పోసి ఎత్తుచేయకుడు. మట్టి తగిలిన బెరడు తడిసి కుళ్లును. మొదట చెత్త తగులబెట్టుట, మేకులు కొట్టి ప్రకటన పలకలు వ్రేలాడదీయుట, తీగ బిగించి కట్టుట, ఇవన్నియు పంచాయతీ తీర్మానముతో ఆపదగిన పనులు. మొక్క చుట్టు పెట్టిన ఇనుప కంచెను మాను లావెక్కగనే విప్పింపవలెను. లేనిచో అది మానులోనికి దిగి గొంతు బిగించును.

లేత మొక్కకు మరొక సేవ అవసరము. మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారందురు. మొదటి అయిదారేండ్లలోనే పోటీపడు రెండు కొనలలో ఒకదానిని తీసి, ఒకే నడిమి మానును నిలుపవలెను. నాడు చిన్న కత్తితో పోవునది, ఇరువదియేండ్ల తరువాత పంగ చీలి పెద్ద ప్రమాదమగును.

రెండు మఱ్ఱుల పాఠము

మహబూబ్‌నగరు చెంత ఏడువందల యేండ్ల వయసు కలదని చెప్పుకొను పిల్లలమఱ్ఱి మీలో చాలమంది చూచినదే. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుచుండగా 2017 చివర సందర్శకులను ఆపివేయవలసివచ్చినది. 2018లో అటవీశాఖవారు చెదలమందును నీటిలో కలిపి, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు సీసాలనుండి చుక్కచుక్కగా మానులోనికి ఎక్కించిరి. బరువైన కొమ్మల క్రింద ఆధారములు నిలిపిరి. కదిరి ప్రాంతమునగల తిమ్మమ్మ మఱ్ఱిమాను 1989లో గిన్నిసు పుస్తకమున కెక్కినది. అచ్చట లేత ఊడలకు మట్టియు ఎరువును నింపిన వెదురు గొట్టములు తొడిగి నేలకు దింపుచున్నారు. వ్రాలు కొమ్మలకు ఆధారములు నిలుపుచున్నారు. నేల తాకిన ఊడ పెరిగి మానగును. ఆ మానే కొమ్మను మోయును. మీ ఊరి మఱ్ఱి ఊడలను ఉయ్యాలలకొరకు, పండ్లపుల్లలకొరకు తెంపనీయక నేలకు దింపుకొనుటకు ఖర్చేమియు లేదు.

2021లో మన రెండు రాష్ట్రములలోను వేపచెట్లు కొనలనుండి ఎండిపోయినవి. దోమ యని పిలువబడు రసము పీల్చు పురుగును, శిలీంధ్రమును కలిసి తెచ్చిన తెగులది. చచ్చినవని తలంపబడిన చెట్లలో అనేకము పిమ్మట తిరిగి చిగిర్చినవి. కావున ఎండినట్లున్న చెట్టును కొట్టించుటకు ముందు గోటితో గాని, కత్తి మొనతో గాని బెరడును కొంచెము గీరి చూడుడు. క్రింద పచ్చపొర తడిగా కనబడినచో చెట్టు బ్రతికియున్నది. ఎండిన కొనలు తీయించి, ఒక వానకాలము ఓపిక పట్టుడు.

ఏటేట రెండు పరీక్షలు

ప్రతి పెద్దచెట్టునకు ఒక సంఖ్య నిచ్చి రిజిస్టరు పెట్టుడు. సంవత్సరమునకు రెండుసార్లు, తొలకరికి ముందు మే నెలలోను, తుపానుల కాలమునకు ముందు సెప్టెంబరులోను, ప్రతి చెట్టు చుట్టును తిరిగి చూడుడు. ఎండిన కొమ్మలున్నవా? పంగలు చీలినవా? మొదట పుట్టగొడుగులు మొలచినవా? మాను క్రొత్తగా ఒక ప్రక్కకు ఒరిగి, రెండవ ప్రక్క నేల పగిలినదా? ఈ చివరి రెండును కనబడినచో ఆలస్యము చేయక, అచ్చటికి జనులను రానీయక, అటవీశాఖవారిని పిలిపింపుడు. తొఱ్ఱ యున్నంతమాత్రమున చెట్టు పడునని కాదు. చుట్టును గట్టి చేవ వెడల్పులో తగినంత మిగిలియున్నచో, వెదురువలె బోలు మాను కూడ నిలుచును. కాని ఆ నిర్ణయము తెలిసినవారు చేయదగినది.

తుదకు కొట్టకతప్పదని తేలినను, 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) ప్రకారము అనుమతి పొందవలెను. తెలంగాణమున 2018 పంచాయతీరాజ్ చట్టము, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకునట్లు చూచు బాధ్యతను గ్రామ పంచాయతీపై నుంచినది. లెక్క నాటినదానికి కాదు, బ్రతికినదానికి. ఇక చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొను కాలము కాదు.

ఎక్కువాని ప్రాణము

ఈ పనికి ఊరిలో ఒకరిద్దరు యువకులను తయారుచేసికొనుడు. తాటిచెట్టెక్కు గీతపనివారికి ఎత్తు భయములేదు, మోకు వాడుట తెలియును. కోత పద్ధతి నేర్పినచో వారు మంచి వృక్షసంరక్షకులు కాగలరు. తెలంగాణ ప్రభుత్వము 2024లో కాటమయ్య రక్షా కవచమను పేర గీతకార్మికులకు భద్రతా పరికరములిచ్చుట ప్రారంభించినది. చెట్టు కొమ్మలు తీయువానికి కూడ అట్టి నడుముపట్టెయు, త్రాడును, తలకు గట్టి టోపియు ఉండవలెను.

నియమములు కొన్నియే, తప్పరానివి. ఒంటరిగా ఎక్కరాదు, క్రింద ఒకడు కనిపెట్టియుండవలెను. కొమ్మలు పడు మేర త్రాడు కట్టి జనులను, పశువులను ఆపవలెను. ఎక్కుటకు ముందు తేనెపట్టున్నదేమో చూడవలెను. త్రాడును తాను కోయు కొమ్మకు గాక, గట్టి పచ్చి కొమ్మకు తగిలింపవలెను. తడిసిన చెట్టునెక్కరాదు. నిచ్చెనపై నిలిచి యంత్రపు రంపము పట్టరాదు. తురాయి, మునగ వంటి పెళుసు చెట్లపై బరువు మోపరాదు. తీగల దగ్గర లైనుమను వచ్చి, ఎల్.సి. తీసికొని, ప్రవాహమాగినదని చెప్పినగాని కొడవలి ఎత్తరాదు. పచ్చికొమ్మ తగిలినను విద్యుత్తు ప్రాణము తీయును. ఎవనినో ఒకనిని బ్రతిమాలి, వంద రూపాయలిచ్చి, త్రాడులేక చెట్టెక్కించు పంచాయతీ పొదుపు చేయుట లేదు. ఒక కుటుంబమును పణముగా పెట్టుచున్నది.

సభ్యులారా, ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక మంచి రంపము, ఒక మోకు, ఒక నడుముపట్టె, ఒక రిజిస్టరు, తెలిసిన ఇద్దరు మనుష్యులు చాలును. రానున్న సమావేశములో చెట్ల జాబితాకు తీర్మానము చేయుడు. రిజిస్టరులో మొదటి పేరుగా బడి ముందరి చెట్టును వ్రాయుడు. దానిక్రింద కూర్చుండు పిల్లలు మనకంటె ఎక్కువ కాలము దానితో జీవింపవలసినవారు.