నావికుని టోపీ



అడవి యంచున గూర్చుండి సముద్రపు టోపీలనుగూర్చి ముచ్చటించుట వింతగా దోచవచ్చును. కాని 1948 వఱకు గోదావరి కావలియొడ్డు నైజాముది, ఈవలియొడ్డు 1947 వఱకు ఇంగ్లీషువారిది. రూమీటోపీయు గాంధీటోపీయు నెఱిగిన మనకు తలమీది గుడ్డకుగల యర్థమును వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఇంగ్లీషు నౌకాధికారులకు 1748లోనే ఉడుపు లేర్పడినవి. సామాన్య నావికునకో, 1857 వఱకు నియమమే లేదు. వాని మెడపట్టీమీది మూడు తెల్లగీతలు నెల్సను మూడు విజయములకు గుర్తులని చెప్పుదురు. అది పిమ్మట అల్లిన కథ యని చరిత్రకారుల మతము. పరాయివాని కట్టుకథను గూడ మనము భక్తితో ధరించితిమి!

1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో 'తల్వారు' నావికులు చెడ్డ కూటికిని, అధికారుల దూషణలకును ఎదురు తిరిగిరి. విశాఖపట్టణమున గూడ సమ్మె సాగెను. వారి యుడుపు దొరలది, గుండె మనది. 1950 జనవరి 26న 'రాయల్' అను మాట పోయినది, కిరీటమున్న చోట అశోకుని సింహములు నిలిచినవి. పతాకమునందలి యెఱ్ఱ శిలువ మాత్రము 2001లో దొలగి, 2004లో మఱల వచ్చి, 2022 సెప్టెంబరు 2న గాని శాశ్వతముగ బోలేదు. అంత జాగేల? శివాజీ ముద్రనుండి గ్రహించిన అష్టకోణము 2023 డిసెంబరులో అడ్మిరలుల భుజములమీదికిని వచ్చెను. 2024 ఫిబ్రవరిలో భోజనశాలలందు కుర్తా పైజామాలకు అనుమతి దొరకినది. ఓడలమీద మాత్రము లేదు.

ఈ కడపటి నియమము మాకు నచ్చినది. విందున కూర్చున్నవాని వస్త్రము వేఱు, యంత్రములనడుమ మెలగువాని వస్త్రము వేఱు. చిహ్నములను మార్చుట సులభము. ఎండకును ఉప్పుగాలికిని తగిన కుట్టును కనిపెట్టుట కష్టము. దానిపై సభలు జరుగవు.

మన కోయసోదరుల కొమ్ముటోపీని చూడుడు. అడవిదున్న కొమ్ములు, నెమలి యీకలు. 1972 చట్టముతో వేట నిలిచినది. కావున తాతల కొమ్ములనే పదిలపఱచుకొందురు. ఆ టోపీ యెట్లుండవలెనో ధరించువారే నిర్ణయించుకొనిరి. నావికుని యెవరైన నడిగిరా?

ఈ పఠనమందిరమునకు వచ్చు యువకులలో నౌకాదళమున జేరగోరువా రుందురు. ఒడిశాలోని చిల్కా శిక్షణాలయమునుండి సెలవుపై వచ్చినపుడు, ఆ టోపీ గాలికి నిలుచునో లేదో, చెమటకు నెత్తి యెట్లుండునో ఇచ్చటికి వచ్చి చెప్పుడు. మేము అచ్చువేయుదుము.