వృత్తి సంఘం – ప్రపంచ విస్తరణ

సూరత్, భరూచ్‌ల మధ్య రైలు మార్గంలో కిమ్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల మరమగ్గాలు నడుస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు సూరత్ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. అటువంటి చోట నేతపనివారు సంఘం పెట్టుకుంటే, అది ప్రపంచానికి ఎలా చేరగలదు?

ఇంజనీర్ల సంఘమైన ఐట్రిపుల్ఇని ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలో 1884లో ఏర్పడిన విద్యుత్ ఇంజనీర్ల సంఘం, 1912 నాటి రేడియో ఇంజనీర్ల సంఘం 1963లో కలిసిపోగా ఇది పుట్టింది. ఒకప్పుడు దూరదేశపు సభ్యునికి సంఘమంటే తపాలాలో వచ్చే పత్రికే. 2000లో ఎక్స్‌ప్లోర్ అనే డిజిటల్ గ్రంథాలయం వచ్చాక, ఏ ఊరి నుంచైనా వ్యాసాలను వెదకడం సాధ్యమైంది. నేడు ఈ సంఘానికి 160కి పైగా దేశాల్లో సభ్యులున్నారు.

ఇది కంప్యూటర్ల వల్లనే జరిగిందా? కాదు. పదిమందికీ పనికివచ్చే జ్ఞానం ఆ సంఘం దగ్గర ఉంది. మనం వాడే వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణాన్ని 1997లో వెలువరించింది ఈ సంఘమే. అయితే ఒక లోపముంది. ఎక్స్‌ప్లోర్‌లో వ్యాస సారాంశం ఉచితం; పూర్తి పాఠానికి చాలావరకు రుసుము కట్టాలి. కట్టలేనివారు గడప దగ్గరే ఆగిపోతారు.

నేత సంఘం ఆ గడప లేకుండా చూసుకోవచ్చు. నూలు నంబరు, రంగుల పాళ్లు, మగ్గం మరమ్మతు వంటివి తెలుగులో, గుజరాతీలో రాసి అందరికీ అందుబాటులో ఉంచవచ్చు. యూనికోడ్‌లో తెలుగు లిపి 1991 నుంచే ఉంది. సాధనం సిద్ధంగా ఉంది. పనితనాన్ని రాసిపెట్టేవారే కావాలి. మీ ఊరి వృత్తి సంఘానికి ఆ సాయం మీరు చేయగలరేమో ఆలోచించండి.